వెనక్కి ఇచ్చిన వేడి

ఉసిరిగుడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పొద్దున్నే లేవగానే మొదటి పని దేముడమ్మని తిట్టడం.

తిట్టకపోతే నీళ్ళు కాగవు. కార్తీకం దాటాక అరకు చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బోరింగు నీళ్ళలో వేలు పెడితే ఆ వేలు మనది కాదనిపిస్తుంది. అందుకని స్నానాల గది పక్కన ఇనప పీపా నింపి, ముక్కాలిపీట వేసి దేముడమ్మని కూర్చోబెట్టి, మోచేతుల దాకా నీళ్ళలో ముంచమనేవారు. కోపం వస్తే ఆ పిల్ల ఒళ్ళు కాగుతుంది. పుట్టిన దగ్గర్నించీ అంతే. కొందరిది ఎడమచేతి వాటం, కొందరు చెవులు కదపగలరు, దేముడమ్మది ఇది. తిట్టడానికి పిల్లల్లో వంతులుండేవి.

"నీ ముక్కు మీద రోడ్డు రోలరు ఎల్లిపోనాదేటే?"

"నీ పాట ఇని మా గేదె పాలియ్యడం మానీసింది."

నీళ్ళు కాగేవి. కాగాక ఆ తిట్టిన పిల్లే వచ్చి దేముడమ్మ వీపు రుద్దుతూ, "ఏటనుకోకక్కా" అనేది. దేముడమ్మ పదో తరగతి, అందరికంటే పెద్దది. "బేగి పోసుకోండి, సల్లారిపోద్ది" అనేది, అంతే.

కానీ రోజూ వినే తిట్టుకి ఎంతని కోపం వస్తుంది? డిసెంబరు వచ్చేసరికి పిల్లల తిట్లకి నీళ్ళు గోరువెచ్చన దాటేవి కావు. అప్పుడు వార్డెన్ హైమావతి మేడం శాలువా కప్పుకుని బయటికొచ్చేది. మొదటి బకెట్టు ఆవిడదే కదా మరి. ఆవిడ కష్టపడి తిట్టేది కాదు, పక్కన నిలబడి మామూలుగా మాట్లాడేది.

"నిన్న మీ అమ్మ వచ్చిందే. వరండా తొక్కితే మళ్ళీ కడిగించుకోవాలని గేటు బయటే నిలబెట్టాను. వానలో భలే నిలబడింది, గొడ్డులా."

పీపాలో నీళ్ళు కుతకుతా ఉడికేవి. మేడం చెంబుతో చన్నీళ్ళు కలుపుకుని స్నానానికి పోయేది. కట్టెల బిల్లు మాత్రం నెలనెలా పైకి వెళ్ళేది. ఆ హాస్టల్లో కట్టెపుల్ల చూసినవాళ్ళు లేరు. ఆవిడ పేరు చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. నా ఒళ్ళు మండితే ఏ నీళ్ళూ కాగవు, అదొక్కటే తేడా.

ఆ ఏడాది, అంటే 2009లో, ఆటల టీచరుగా లిదియా వచ్చింది. రంపచోడవరం మిషను స్కూల్లో చదువుకున్న పిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. ఎవరితో మాట్లాడినా చేతులు కట్టుకుని "గారూ" అనేది, వంటామెని కూడా. భువనేశ్వరంలో ఏదో ట్రైనింగుకి పంపితే అక్కణ్ణించి రెండు కోల బంతులు తెచ్చింది. పిల్లలు వాటికి పనసకాయలని పేరు పెట్టారు. స్కూలు వెనక వలిసె పంట కోసేసిన మడిలో ఆట మొదలైంది. దాని పేరు రగ్బీ, జట్టుకి ఏడుగురు.

"బంతి పట్టుకుని ముందుకే పరిగెత్తాలి," అంది లిదియా. "ఇంకొకళ్ళకి ఇవ్వాలంటే మాత్రం పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకు విసిరితే తప్పు."

"ఎనకాల ఎవులున్నారో సూడకుండా ఎలాగిచ్చీడం టీచరమ్మా?" అని అడిగింది గాయత్రి. జట్టులో అందరికంటే బాగా పరిగెత్తే గుంట.

"ఉన్నారని నమ్మి ఇవ్వాలమ్మా. ఉంటారు."

దేముడమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు. బంతి చేతికొస్తే ఎవరికీ ఇచ్చేది కాదు, తనే పరిగెత్తేది. రాష్ట్ర జట్టుకి ఎంపికైతే విశాఖలో స్పోర్ట్స్ హాస్టల్లో సీటిస్తారని, ఇంటరు చదివిస్తారని లిదియా చెప్పిన దగ్గర్నించీ ఆ పిల్లకి ఇంకే ధ్యాసా లేదు. పదైపోతే ఇంటికే. ఇంటి దగ్గర కాఫీ తోట తప్ప ఏముంది?

పోటీల్లో మొదటి ఆట పాడేరులో. దేముడమ్మని ఆపడానికి నడుం పట్టుకోబోయిన అవతలి పిల్లలు పట్టుకున్నట్టే పట్టుకుని చేతులు విదిలించుకుంటూ వదిలేశారు. రిఫరీ వచ్చి దేముడమ్మ చెయ్యి ముట్టుకుని, వేళ్ళు ఊదుకుని, రూల్సు పుస్తకం తిరగేశాడు. అందులో ఒంటి వేడి గురించి ఏమీ లేదు. విజిలేసి ఆడమన్నాడు. ఉసిరిగుడ గెలిచింది.

రెండో ఆట విజయనగరంలో. ఆ రోజు తెల్లారేసరికి మేడం చుట్టాలు బొర్రా గుహలు చూడ్డానికని జీపునిండా దిగారు. పెద్దలు, పిల్లలు, ఒక ముసలాయన. అందరికీ వేడినీళ్ళు కావాలి. మేడం పీపా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని దేముడమ్మకి ఆ పిల్ల తల్లి గురించి, ఊరి గురించి, పుట్టుక గురించి బకెట్టు బకెట్టుకీ చెప్పింది. చుట్టాలు నవ్వుకున్నారు కూడా. తీరా మైదానంలో దిగేసరికి దేముడమ్మ ఒళ్ళు చల్లగా ఉంది. అవతలి పిల్లలు మూటని పడేసినట్టు పడేశారు. చిత్తుగా ఓడిపోయారు. లీగు పోటీలు కాబట్టి ఇంకొక్క ఆట మిగిలింది, లేకపోతే ఆ ఏడాదికి అంతే.

"ఏమైందమ్మా?" అని బస్సులో అడిగింది లిదియా.

"ఒంట్లో ఏటీ నేదు టీచరమ్మా. పొద్దున్నే అయిపోనాది."

ఆ మాట వెనక సీట్లో గాయత్రి విన్నది. మర్నాడు పొద్దున్న ఎవరూ దేముడమ్మని తిట్టలేదు. ఆరో తరగతి చిన్నమ్మి, చీపురుపుల్లంత పిల్ల, బోరింగు నీళ్ళు చెంబుతో నెత్తిన పోసుకుని, పళ్ళు టకటకలాడుతుంటే, "సల్లగా నేదక్కా, బానే ఉంది" అంది. తర్వాత జట్టులో ఆడే మాధవి పోసుకుంది. తర్వాత అందరూ. దేముడమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని అది చూసింది. ఎవరూ తిట్టకుండానే ఒళ్ళంతా మండిపోయింది. పిల్లలు ఇంత చలిలో ఇలా ఎందుకు తడవాలి? ఆ కట్టెలు ఏమయ్యాయి? ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న తనకి రాలేదెందుకు? ఆ వేడిని పీపాలో పెట్టొద్దని పిల్లలందరూ ఒట్టేయించుకున్నారు.

"నా బకెట్టేదీ?" అని వచ్చింది మేడం.

"పోటీలయ్యేదాకా ఆ పిల్లని వదిలేయండి మేడం గారూ," అంది లిదియా చేతులు కట్టుకుని.

"మార్చిలో నీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం ఎవరిదో గుర్తుందా?"

లిదియా తల దించుకుంది. ఆ పిల్ల జీతం మీద ఇంట్లో ముగ్గురు బతుకుతున్నారు.

మేడం అంతటితో ఆగలేదు. దేముడమ్మ తల్లి రత్నాల్ని పిలిపించింది. మేడంతో మాట్లాడాక రత్నాలు గేటు బయట నిలబడే, మొహం చేటంత చేసుకుని కూతురికి చెప్పింది.

"పది అయిపోనాక నిన్ను ఇక్కడే ఉంచుకుంతారంటే. తిండి, బట్ట, జీతం. నీళ్ళు కాసీడమే పని. మేడం దేవతే."

"నువ్వేటన్నావు?"

"అలాగేనన్నాను. ఏటనాల మరి?"

దేముడమ్మ గేటు మీద చెయ్యి వేసింది. అమ్మ పట్టుకున్న గేటు ఊచ వేడెక్కితే రత్నాలు చెయ్యి తీసేసింది. ముసలిదయ్యేదాకా ఆ పీపా పక్కన కూర్చుని తిట్లు తినడం, అదీ ఆ ఉద్యోగం. ఇంక విశాఖ ఒక్కటే దారి.

విశాఖలో ఆఖరి ఆట. అవతల పట్నం జట్టు. పాడేరు సంగతి వాళ్ళ చెవిన పడింది. జెర్సీలన్నీ ఐసు నీళ్ళలో పిండి తొడుక్కుని వచ్చారు. దేముడమ్మ బంతి పట్టుకోగానే ముగ్గురు ముగ్గురు చుట్టుకునేవారు. జెర్సీలు ఆవిర్లు కక్కేవి, పిల్లలు మాత్రం వదిలేవారు కాదు. సగం ఆట అలాగే పోయింది. దేముడమ్మ మళ్ళీ బంతి గుండెకి అదుముకుని అలాగే దూరింది. మళ్ళీ చిక్కింది. ఊపిరాడటం లేదు.

"ఎనక్కియ్యే," అని వినిపించింది గాయత్రి గొంతు. "ఎనకాలే ఉన్నాను."

దేముడమ్మ చూడలేదు. చూడకుండానే బంతి వెనక్కి వదిలింది. బంతితోపాటు వేడీ వెళ్ళింది. గాయత్రి అరచేతులు చుర్రుమన్నాయి, చెవులు ఎర్రబడ్డాయి. ఆ గుంటని ఆపడానికొచ్చినవాళ్ళు ఉత్త చేతుల్తో వెనక్కి పడ్డారు. తర్వాత గాయత్రి నుంచి మాధవికి, మాధవి నుంచి ఇంకొకళ్ళకి. రెండుసార్లు గీత దాటించారు. మూడోసారి దాటబోతుంటే ఆట టైము అయిపోయింది. ఓడిపోయారు, కొద్దిలో.

అయినా ఎంపిక చేసే పెద్దాయన దేముడమ్మని పిలిచాడు. డాక్టరు చూసి సరేనంటే రాష్ట్ర జట్టుకి తీసుకుంటామని, క్యాంపు అక్కడే మొదలవుతుందని చెప్పాడు.

అది స్వైన్ ఫ్లూ భయం ఉన్న ఏడాది. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, ఇంటికి పంపించేస్తున్నారు. షామియానా కింద డాక్టరు థర్మామీటరు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు నాలుగు జట్ల పిల్లలున్నారు. దేముడమ్మ వరసలో నిలబడింది. వెనకాల తోడుగా గాయత్రి, మాధవి, మిగతా పిల్లలు, అందరికంటే ఆఖర్న లిదియా.

జట్టుకి తోడని చెప్పి సముద్రం చూడ్డానికొచ్చిన హైమావతి మేడం వరస తరిగేదాకా ఆగి వచ్చి దేముడమ్మ పక్కన చేరింది. చెవి దగ్గరికి వంగింది. దూరం నుంచి చూసేవాళ్ళకి ధైర్యం చెప్తున్నట్టే ఉంది.

"మీ అమ్మకి నా పాత చీర ఒకటి పారేశానే. చిరుగుపట్టింది. కళ్ళకద్దుకుని నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నిన్నిచ్చింది ఆ చీరకే. అంత చవక మీరు."

దేముడమ్మ మెడ మీద చెమట ఆవిరైంది. ముందున్న పిల్ల ఒక్కతే మిగిలింది. డాక్టరు థర్మామీటరు విదిలిస్తున్నాడు. మేడం నవ్వుతూ నిలబడింది. దేముడమ్మని ఇప్పుడు ముట్టుకుంటే థర్మామీటరు పగులుతుంది.

"ఎనక్కి," అంది గాయత్రి మెల్లగా.

దేముడమ్మ చూడకుండానే చెయ్యి వెనక్కి చాపింది. గాయత్రి అందుకుంది. గాయత్రి మాధవికిచ్చింది. మాధవి తన వెనకున్న పిల్లకి. అమ్మ వానలో నిలబడ్డ గేటు, చిరిగిన చీర, ముక్కాలిపీట, చిన్నమ్మి పళ్ళ చప్పుడు, అన్నీ చేతులు మారుతూ పోయాయి. ప్రతి పిల్లా తన వంతు కాస్త ఉంచుకుని మిగతాది వెనక్కిచ్చింది. ఆఖరికి అది లిదియా దగ్గరికొచ్చింది. లిదియా వెనక ఎవరూ లేరు.

"తొంభై ఎనిమిది. నార్మల్," అన్నాడు డాక్టరు. "నెక్స్ట్."

మేడం నవ్వు ఆగిపోయింది. "సరిగ్గా చూడండి డాక్టరుగారూ, దానికి పొద్దున్నుంచీ జ్వరం," అంటూ ముందుకెళ్ళబోయింది. లిదియా వచ్చి అడ్డంగా నిలబడింది. చేతులు కట్టుకోలేదు.

"జ్వరం లేదు మేడం. పక్కకి జరగండి."

గారూ లేదు. మేడం లిదియాని తోసెయ్యడానికి భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి చప్పున లాక్కుని, అరచెయ్యి ఊదుకుంటూ షామియానా బయటికి వెళ్ళిపోయింది.

దేముడమ్మ క్యాంపులో ఉండిపోయింది. మిగతావాళ్ళు మర్నాడు పొద్దున్న కిరండూలు పాసింజరెక్కారు. టైడా స్టేషను దాటాక చలిగాలి మొదలైతే జనం కిటికీలు దించుకున్నారు. ఈ పిల్లలు మాత్రం స్వెట్టర్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న మేడాన్నే చూస్తూ కూర్చున్నారు. మేడానికి అరకు దాకా చెమటలు కారుతూనే ఉన్నాయి.

ఆ మర్నాడు ఆవిడ శాలువా కప్పుకుని పీపా దగ్గరికొచ్చి, "ఇంకెవరే కూర్చునేది?" అంది. పిల్లలందరూ వచ్చారు. చిన్నమ్మి గాయత్రి చెయ్యి పట్టుకుంది, ఇంకో చేత్తో పక్క పిల్లని పట్టుకుంది. అలా హాస్టలంతా పీపా చుట్టూ నిలబడింది.

"తిట్టండి మేడం," అంది చిన్నమ్మి.

మేడం నోరు తెరిచేలోగానే నీళ్ళు తెర్లాయి. చన్నీళ్ళు కలిపితే అవీ తెర్లాయి. ఇంకో బకెట్టు పెట్టించుకుంటే అదీ అంతే. ఆవిడ దగ్గరికొచ్చిన ఏ నీళ్ళూ ఒంటి మీద పోసుకునేలా ఉండేవి కావు. ఆ చలికాలమంతా ఆవిడ స్నానం చేసిందో లేదో నాకు తెలీదు. చెయ్యకపోతే నాకేం బాధా లేదు.

ఆ వారంలోనే ఉసిరిగుడకి కట్టెల బండి వచ్చింది. సంక్రాంతి సెలవులయ్యేసరికి మేడం కొండ కిందికి బదిలీ చేయించుకుని పోయింది. మార్చిలో లిదియా కాగితం మీద కొత్తావిడ సంతకం పెట్టింది.

పరీక్షలయ్యాక దేముడమ్మకి విశాఖ హాస్టల్లో సీటొచ్చింది. రత్నాలు కూతుర్ని చూడ్డానికి విశాఖ వచ్చి, అలవాటు కొద్దీ గేటు బయటే నిలబడింది. దేముడమ్మ లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వరండాలో వేసింది. తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"వొద్దే. ఎవులైనా తిడతారు."

"కూకో."

రత్నాలు కుర్చీ అంచు మీద కూర్చుంది. కూతురి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. నుదురు ముట్టుకుని చూసింది.

"ఒల్లు ఎచ్చగుందేటే? జొరమేటి?"

"జొరం కాదమ్మా. కోపం."

"ఇక్కడ కూడా తిడతన్నారేటి నిన్ను?"

"నేదు. ఎవులూ తిట్టనేదు. ఇది నాదే."

రత్నాలు కాఫీపళ్ళు కోసి పగిలిన రెండు చేతులూ కూతురి చేతుల్లో పెట్టి, కుర్చీలో వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది.