జానెడు కిందికి

నాకు అక్షరాలు నేర్పింది డెరెక్ హాలమ్ గారు. ఆ సంగతి ఆయనకు చాలాకాలం తెలియదు. సినిమాలు మూగవిగా ఉన్న రోజుల్లో బొమ్మకీ బొమ్మకీ మధ్య తెర మీద మాటలు రాసి చూపించేవాళ్ళు. నారింజ తోటల్లో కూలిపని చేసే మా అమ్మ శనివారం సాయంత్రం నన్ను హాలుకి తీసుకెళ్ళేది. వెనక బెంచీలో ఎవరో ఒకరు ఆ మాటలు పైకి చదివేవారు. అవి వింటూ, తెర మీద హీరో హాలమ్ గారి పెదవులు కదిలిన తీరు చూస్తూ, ఏ అక్షరం ఏదో పోల్చుకున్నాను. నేను సొంతంగా చదివిన మొదటి మాట "ఉండు". ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆయన అన్న మాట అది. ఆ అమ్మాయి ఉండలేదు.

ఆ ఏడే మా అమ్మ ద్రాక్ష కోతలకని లారీ ఎక్కి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. లారీ కదిలినప్పుడు నేను చెప్పులో దిగిన ముల్లు తీసుకుంటున్నాను, తలెత్తి చూడలేదు. అప్పటినుంచి ఎవరు గుమ్మం దాటుతున్నా వాళ్ళ ముఖం బాగా చూసిపెట్టుకుంటాను. పాలవాడైనా సరే. ఈ వయసులోనూ ఆ అలవాటు పోలేదు.

పెద్దయ్యాక, చదవడం వచ్చు కాబట్టి హాలీవుడ్‌లో ఒక స్టూడియోలో పని దొరికింది. ఒకరి ముఖాన్ని దగ్గరగా తీసేటప్పుడు, ఎదుటి పాత్ర వేసినవాళ్ళు కెమెరా పక్కన నిలబడి తమ మాటలు చెప్పాలి. పెద్ద తారలు అలా నిలబడరు. తమ షాటు అవగానే కారెక్కి వెళ్ళిపోతారు. వాళ్ళ బదులు నేను చదివేదాన్ని. నేను పొట్టి. ఆ తార కళ్ళు ఉండాల్సిన ఎత్తులో నా కళ్ళు ఉండాలని కాళ్ళ కింద చెక్క పెట్టె వేసేవారు. అందులో ఏనాడూ ఒక్క పండు లేకపోయినా దాన్ని ఆపిల్ పెట్టె అనేవారు.

నేను చేరేసరికి హాలమ్ గారి వెలుగు అయిపోయింది. సినిమాలకి గొంతు వచ్చిన ఏడు, ఆయన నెబ్రాస్కా రైతు యాస విని హాళ్ళలో జనం నవ్వారట. యాస పోగొట్టడానికి స్టూడియో ఒక టీచరమ్మను పెట్టింది. యాసతోపాటు గొంతులో ఉన్న ప్రాణం కూడా పోయింది. నాయకుడి వేషం నుంచి నాయకుడి అన్నకి, అక్కడినుంచి లాయరుకి, చివరికి తలుపు తీసే నౌకరు వేషానికి వచ్చారు. కోటు మాత్రం ఎప్పుడూ ఇస్త్రీ చేసి ఉండేది.

అలాంటిది, ప్రూయిట్ అనే డైరెక్టరు ఆయనకి మంచి వేషం ఇచ్చాడు. జైలుకి వెళ్తున్న తండ్రి, స్టేషన్‌లో కూతురికి వీడ్కోలు చెప్తాడు. సినిమాకి అదే ఆయువుపట్టు. కూతురు మిస్ ఎల్స్‌వర్త్, మంచి పొడగరి.

ఆ సీను తీసే రోజు మధ్యాహ్నం షూటింగు స్టేజి వెనక కాఫీ తాగుతూ ఆయన నన్ను పిలిచారు. చేతిలో డోనట్ ఉంది, తినడం లేదు.

"ఓపల్, ఇలా కూర్చో. నువ్వు బేకర్స్‌ఫీల్డ్ ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదండి. అక్కడేముంది?"

"మా అమ్మాయి ఉంది. ఆగ్నెస్."

నేను ఆయన వైపు తేరిపార చూశాను. ఆయన బ్రహ్మచారి అని లోకమంతా అనుకుంటోంది.

"అలా చూడకు. నేనూ పెళ్ళి చేసుకున్నవాణ్ణే. పెళ్ళైందని తెలిస్తే ఆడవాళ్ళు టిక్కెట్లు కొనరని పబ్లిసిటీ వాళ్ళన్నారు. తల్లినీ పిల్లనీ అక్కడ ఐసు ఫ్యాక్టరీ పక్కన ఒక ఇంట్లో పెట్టారు. కొన్నాళ్ళే అన్నారు. ప్రతి పుట్టినరోజుకీ స్టూడియో మనిషి ఒకడు ఆడుకునే బొమ్మ పట్టుకెళ్ళి, నాన్న షూటింగులో ఉన్నాడు, వచ్చే నెల వస్తాడని చెప్పి వచ్చేవాడు."

"మీరు వెళ్ళలేదా?"

"ఇంక నన్నెవరూ గుర్తుపట్టరని తేలాక వెళ్ళాను. తలుపు తియ్యలేదు. కిటికీలోంచే, మా నాన్న షూటింగులో ఉన్నాడు, వచ్చే నెల రమ్మంది." ఆయన నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు. "కానీ అది సినిమాలకి వెళ్తుంది. పక్కింటావిడ చెప్పింది. నా మాట వినదు, తెర మీద వింటుంది. అందుకే ఈ ఒక్క షాటు నాకు కావాలి. తర్వాత ఏమైనా ఫర్వాలేదు."

ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి.

స్టేజి మీదికి వెళ్ళేసరికి మిస్ ఎల్స్‌వర్త్ అప్పటికే వెళ్ళిపోయింది. నేను పెట్టె ఎక్కి నా మాట చదివాను: "నాన్నా, మళ్ళీ ఎప్పుడు వస్తావు?"

ఆయన చెప్పాల్సింది ఇంతే: "చలిగా ఉంది. కోటు బొత్తాలు పెట్టుకో. ఇంటికెళ్ళు." మొదటిసారి బొత్తాలు మరిచిపోయారు. తర్వాత ఇంటిని మరిచిపోయారు. ఆ తర్వాత అన్నీ చెప్పారు గాని ఎవరో నౌకరు చెప్పినట్టుంది.

"ఏవయ్యా హాలమ్, టీ తెమ్మనట్లేదు, కూతుర్ని వదిలి వెళ్తున్నావ్!" అని ప్రూయిట్ అరిచాడు. పైన దీపాల దగ్గరున్నవాళ్ళు నవ్వారు.

హాలమ్ గారు నా దగ్గరికి వచ్చారు. "ఓపల్, ఆ పెట్టె దిగి దాని మీద కూర్చో."

"కూర్చుంటే మీ చూపు కిందికి పోతుందండీ. ఆవిడ కళ్ళకి కలవదు."

"కూర్చోమ్మా."

నేను డైరెక్టరు వైపు చూశాను. ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు. "కూర్చో, పడుకో, ఏదో ఒకటి చెయ్యి. కెమెరా తిప్పండి!"

"చూపు కిందికి పోతోంది," అని కెమెరామన్ ఓల్సన్ గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు.

కూర్చుని నా మాట చదివాను. ఆయన కిందికి, నా కళ్ళలోకి చూశారు. ఆ గొంతులో నెబ్రాస్కా యాస వచ్చేసింది. చలిగా ఉందన్నారు. కోటు బొత్తాలు అన్నప్పుడు చెయ్యి కొంచెం ముందుకి వచ్చి, పెట్టకూడదని గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. ఇంటికెళ్ళు అన్నాక నోరు మూయలేదు, ఇంకా ఏదో ఉన్నట్టు అలాగే ఉండిపోయారు. లారీ వెనక అమ్మ ముఖం నేను చూడలేదు గాని, చూసి ఉంటే ఇలాగే ఉండేదనుకుంటాను. పైన దీపాలవాళ్ళు ముందుకి వంగి చూస్తున్నారు.

"ఇదే! దీన్నే ప్రింట్ చెయ్యండి," అన్నాడు ప్రూయిట్. అతని కళ్ళూ తడిగా ఉన్నాయి.

మర్నాడు చిన్న హాల్లో ఆ ముక్కని మిస్ ఎల్స్‌వర్త్ ముక్కతో కలిపి వేశారు. ఆవిడ ముఖం, తర్వాత ఆయన ముఖం, మళ్ళీ ఆవిడ. చీకట్లో ఎవరో అన్నారు: "ఏంటయ్యా ఇది! కూతురి బొడ్డుకి వీడ్కోలు చెప్తున్నాడు!"

అందరూ నవ్వారు. హాలమ్ గారి పక్కనే నేను కూర్చున్నాను. ఆయన నవ్వలేదు, కదలలేదు.

"సోమవారం మళ్ళీ తీద్దాం హాలమ్," అన్నాడు ప్రూయిట్ మెత్తగా.

"నా దగ్గర ఇంకోటి లేదు. ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి తియ్యండి, సరిపోతుంది."

"ఆవిడ న్యూయార్క్ రైలెక్కేసింది. నిలబడ్డ షాటే ఉంది. ఇప్పుడు తలుచుకుని ఏం లాభం?"

గేటు దగ్గర ఆయన టోపీ తీసి నాతో, "సోమవారం పెట్టె ఎక్కుదువుగానిలే," అన్నారు. నేను ఆయన ముఖం బాగా చూసిపెట్టుకున్నాను. ఆదివారం, కాఫీ తీసుకెళ్ళిన ఇల్లుగలావిడ, ఆయన కుర్చీలోనే ప్రాణం పోయి ఉండడం చూసింది. కాళ్ళకి బూట్లు తొడిగే ఉన్నాయి.

సినిమా ఆగలేదు. ఆయన కోటు ఇంకొకడికి తొడిగి వెనకనుంచి తీశారు. మాటలు వేరే గొంతుతో చెప్పించారు. హాల్లో చూసినవాళ్ళకి కనిపించేది మిస్ ఎల్స్‌వర్త్ కన్నీళ్ళు, ఒక మగవాడి వీపు.

బేకర్స్‌ఫీల్డ్‌లో ఆ సినిమా ఆడిన మర్నాడు నేను బస్సెక్కాను. గ్యాసు కట్టేశానా లేదా అని దారంతా బెంగే. ఐసు ఫ్యాక్టరీ పక్కన ఇల్లు దొరికింది. తలుపు తీసిన మనిషికి ఆయన కనుబొమలే.

"ఆగ్నెస్ గారేనా అండీ?"

"ఏం అమ్ముతున్నావ్?"

"ఏమీ లేదమ్మా. మీ నాన్నగారితో పనిచేశాను."

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. "పోయాక కూడా పంపిస్తున్నారా స్టూడియో వాళ్ళు? ఈసారి బొమ్మేదీ?"

"నన్నెవరూ పంపలేదు. సినిమా చూశారా?"

"చూశాను. మా ఆయన వద్దంటున్నా వెళ్ళాను. వీపు చూపించాడు. ఆ వీపు నాకు కొత్తేం కాదులే."

"అది ఆయన వీపు కాదు తల్లీ." అప్పుడు అంతా చెప్పాను, గడగడా, ఊపిరి తీసుకోకుండా. పెట్టె సంగతీ, కూర్చోమన్న సంగతీ, అందరూ నవ్విన సంగతీ.

ఆమె చివరిదాకా విన్నది. "మీ కథలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఏదీ, ఆ ముఖం చూపించు."

ఏం చూపించను? పనికిరాని ఫిల్ముని, అందులో ఉండే వెండి కోసం కరిగించేస్తారు. గడప బయట నిలబడి చెయ్యి చాపాను, నేను పెట్టె మీద కూర్చున్నప్పుడు నా కళ్ళున్న ఎత్తుకి.

"ఇక్కడికి చూశారమ్మా. మిమ్మల్ని వదిలేనాటికి మీరు ఇంత ఎత్తు ఉండేవారనుకున్నారు."

ఆమె ఆ చేతి వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. నా మణికట్టు పట్టుకుని, చేతిని జానెడు కిందికి దించింది.

"ఇంతే ఉన్నాను," అంది.

తలుపు మూసుకుంది. నేను నా చేతినే చూస్తూ ఉండిపోయాను, ఆమె ముఖం చూసిపెట్టుకోలేదు.