హస్తవాసి

కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు వెనక కూర్చునే ఆమెకి తలనొప్పులంటే చెప్పలేనంత ఆసక్తి. వచ్చినవాళ్ళు ఫ్రేములు చూడటం మాని తలనొప్పి కబుర్లు మొదలుపెడితే చాలు, చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి చెవులు రిక్కించేది. తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టుందంటే, "పొద్దస్తమానం మెడ వంచి పని చేస్తారు కదూ? మధ్యమధ్యలో లేచి తిరగండి" అనేది. వంగితే నుదురు బరువెక్కుతోందంటే, ముక్కు దిబ్బడ ఉందా, జ్వరమేమైనా తగిలిందా అని ఆరా తీసేది. చదివితేనే వస్తోందంటే మాత్రం మొహం వెలిగిపోయేది, అది తమ షాపు సరుకు మరి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిందనో, మాట తడబడుతోందనో ఎవరైనా అంటే ఇక బేరం మాటే ఎత్తేది కాదు. ఆటో ఎక్కించి ఆస్పత్రికి తరిమేది.

ఈ పాండిత్యమంతా ఎక్కడిదయ్యా అంటే, అమ్మ దగ్గర మొదలైంది. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ఎదురుగా బోర్డులో తీగలు పెడుతూ తీస్తూ, ఊళ్ళోవాళ్ళందరినీ ఒకరితో ఒకరిని మాట్లాడించి ఇంటికొచ్చేసరికి తనకి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. షిఫ్టు మారితే నిద్ర చెడేది, నిద్ర చెడితే తిండి తప్పేది, ఆ రెండూ తప్పాయంటే పార్శ్వపు నొప్పి వచ్చి తిష్ట వేసేది. ముందు కళ్ళ ముందర వంకర టింకర మెరుపులు. ఆ వెనకే తలలో ఒక పక్క నాడి కొట్టుకున్నట్టు పోటు. వెలుతురు పడదు, వంట వాసన పడదు, గిన్నె చప్పుడైనా పడదు. వాంతి వస్తుందని బకెట్ పక్కన పెట్టుకుని, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేది.

ఆ గదిలోకి వెళ్ళే హక్కు ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉండేది. నాన్నంతటివాడు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. ఆరేళ్ళ పిల్ల మాత్రం పిల్లిలా అడుగులేసుకుంటూ వెళ్ళి, మంచమెక్కి, బొటనవేళ్ళతో అమ్మ కణతలు నొక్కేది, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి నిమిరేది. కాసేపటికి అమ్మ ఊపిరి నెమ్మదించేది, సన్నగా గురక వినిపించేది. పిల్ల బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "తగ్గించేశా" అని ప్రకటించేది. "నీ హస్తవాసి అలాంటిది తల్లీ" అనేవాడు నాన్న.

ఇప్పటికీ ఆ గది తలుచుకుంటే ఆమెకి ప్రాణం లేచొస్తుంది. తడిగుడ్డ చల్లదనం, దుప్పటి చిరుగులోంచి గోడ మీద పడే వెలుగు చుక్క, అమ్మ బట్టల్లో వేడెక్కిన తీగల వాసన. మిగతా రోజుల్లో అమ్మ ఊరందరిదీ. ఆ చీకట్లో మాత్రం తనొక్కదానిదే. అంతకంటే గొప్ప బాల్యం ఎవరికైనా ఉంటుందంటే ఆమె ఒప్పుకోదు. తన ఎనిమిదేళ్ళ కూతురికి ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

నలభై దాటాక ఆ నొప్పి ఆమెనీ వెతుక్కుంటూ వచ్చింది. మొదట్లో బిళ్ళ మీద బిళ్ళ మింగి నెట్టుకొచ్చింది. చివరికి లాభం లేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మీ అమ్మగారికి ఉండేదా? మైగ్రేన్ చాలా ఇళ్ళల్లో అలాగే వస్తుందండీ" అంది డాక్టరమ్మ. "నొప్పి మొదలవగానే ఈ మాత్ర వేసుకుని, వెలుతురు లేని చోట పడుకోండి. వేళకి తినండి, వేళకి పడుకోండి. మాటిమాటికీ బిళ్ళలు మింగితే ఆ బిళ్ళలే తలనొప్పి తెచ్చిపెడతాయి, జాగ్రత్త. అన్నట్టు, నొప్పిలో ఉన్నప్పుడు జుట్టు దువ్వుకోగలరా?"

"అదేం ప్రశ్నండీ?"

"కొందరికి తల మీద చర్మం కూడా సలుపుతుంది. దిండు ఒరుసుకున్నా ఓర్చుకోలేరు."

"అబ్బే, నాకలాంటిదేం లేదు" అందామె ధీమాగా.

ఆ ధీమా ఆదివారం దాకా నిలిచింది. మధ్యాహ్నం పోటు మొదలై, మాత్ర వేసుకునే లోపే ముదిరిపోయింది. తెర దించుకుని పడుకుంటే కూతురు చప్పుడు చెయ్యకుండా వచ్చింది. కథలో విన్నట్టే మంచమెక్కింది, కథలో విన్నట్టే జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది. తల మీద నిప్పులు పోసినట్టయి, "తియ్యవే చెయ్యి!" అని ఆ చేతిని ఒక్క విసురు విసిరిందామె.

పిల్ల బిక్కచచ్చిపోయింది. "నీ చేత్తో అయితే అమ్మమ్మకి తగ్గిందిగా! నా చేత్తో ఎందుకు తగ్గదు?" అని ఏడుస్తూ వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న నొప్పి తగ్గినా వదల్లేదు. అమ్మ ఇప్పుడు ఆమెతోనే ఉంటోంది. నెలసరి ఆగిపోయాక ఆవిడ తలనొప్పులూ ఆగిపోయాయి. మర్నాడు పొద్దున వంటింట్లో అమ్మ కూరలు తరుగుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేను తల నొక్కితే నీకు నొప్పి పెట్టేదా?"

"ఇప్పుడెందుకే ఆ గోల?"

"పెట్టేదా, లేదా?"

అమ్మ తలెత్తలేదు. "ఎంతకీ ఆపేదానివి కాదు మరి. నువ్వు ఆపాలని నిద్ర నటించేదాన్ని. గురక కూడా పెట్టేదాన్ని" అని నవ్వింది.

ఆమెకి నవ్వు రాలేదు. "ఒక్కసారి చెప్పొచ్చుగా!"

"గుమ్మంలో నిలబడి, అమ్మ చచ్చిపోతుందా అని మీ నాన్నని అడిగేదానివే. చేతికో పని దొరికితే ఏడుపు ఆపేదానివి. నన్నేం చెయ్యమంటావ్?"

"ఎంత నొప్పి పెట్టేది?"

"ఏముందిలే, చిన్న చెయ్యి. పాత సంగతులు తవ్వకుండా ఆ గిన్నె ఇలా అందుకో."

ఆ రోజు షాపులో ఆమెకి పని సాగలేదు. ఒకాయన కళ్ళజోడు కాడ సరిచెయ్యబోయి విరిచేసింది. ఇన్నేళ్ళూ పెట్టెలో దాచుకున్న నగ గిల్టుదని తేలినట్టుంది ఆమెకి. అమ్మ మీద కోపం వచ్చింది, ఆ వెంటనే జాలి వచ్చింది, ఆ రెంటి మధ్యా తన చేతులు చూసుకుంటే ఏడుపొచ్చింది. ఇంటి దగ్గర కూతురు ముభావంగా తిరుగుతోంది. ఈసారి నొప్పి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? పిల్ల సంతోషం కోసం తనూ ఓర్చుకుని గురక పెట్టాలా? అమ్మ చేసిన పని తను చెయ్యలేకపోతే అమ్మంత ప్రేమ తనకి లేనట్టా?

కొన్నాళ్ళకి నొప్పి రానే వచ్చింది. మెరుపులు కనిపించగానే మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి, తెర దించింది. కూతురు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"రానా?"

"రా."

పిల్ల మంచం పక్కన చేరి, చెయ్యి ఎత్తి, జుట్టుకి జానెడు దూరంలో ఆపింది. "పెట్టనా?"

పెట్టమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దమ్మా. ముట్టుకుంటే నొప్పి" అందామె.

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ వెళ్ళిపోలేదు. "ఎక్కడ?" అంది.

"ఈ కన్ను పైనుంచి వెనక్కి, మెడ దాకా."

"చాలానా?"

"చాలా."

అలా అనగానే ఆమెకి గుండె కాస్త తేలికపడింది. పోటు మాత్రం అలాగే ఉంది.

"మరి నేనేం చెయ్యను?"

"తలుపు దగ్గరికి వేసి, చప్పుడు కాకుండా చూడు చాలు."

పిల్ల తలుపు దగ్గరికి వేసింది. దాని సందులోంచి హాల్లో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అమ్మమ్మా, నీకూ ఇక్కడేనా నొప్పి? కన్ను పైనుంచి మెడ దాకా?"

"కాదే, నాకు ఎడం పక్క."

"చాలానా?"

అమ్మ 'ఏముందిలే' అంటుందని ఆమె ఎదురుచూసింది.

"చాలానే తల్లీ" అంది అమ్మ. "గోడకేసి తల బాదుకుందామనిపించేది. ఎక్స్ఛేంజిలో అంటే సెలవు కోసం నాటకమనేవాళ్ళు. మీ తాతయ్యకి చెబితే కంగారు. మీ అమ్మేమో చిన్నపిల్ల. ఎవరితో చెప్పను?"

"నాతో చెప్పు" అంది పిల్ల.

కుర్చీ లాగిన చప్పుడైంది. ఆ వెంటనే "ష్, అమ్మకి నొప్పి" అని పిల్ల గదమాయించింది. తర్వాత అమ్మ గొంతు తగ్గించి, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. చీకట్లో పడుకుని ఆమె ప్రతి మాటా వింది.