నలభై ఏడో రాయి

ఆ ఉత్తరం వచ్చేసరికి నేను మా ఆయన చొక్కాకి గుండీ కుడుతున్నాను. చొక్కా ఆయన ఒంటిమీదే ఉంది. మైక్రోస్కోపుల గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మాకు పెళ్ళయి పంతొమ్మిది రోజులు. "మా ఆయన" అనే మాటను రోజుకు యాభైసార్లయినా వాడాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఒక్క తిండి డబ్బాలో ఇద్దరికీ సర్దుకు రావడం, దాని మూత తీయడం ఆయన ఒక్కరికే రావడం, ఇలాంటివన్నీ నాకు పండగలే.

కంప్యూటరు టింగుమంది. తల తిప్పి చూశాను. మా వ్యాసాన్ని పత్రికవాళ్ళు అచ్చుకు తీసుకున్నారట. సూది దిగింది. మా ఆయన కేక పెట్టారు. అది సంతోషమో సూదో ఇంతవరకు తేలలేదు.

మేం చదివేది చేపల చెవిరాళ్ళు. చేప తలలో చిక్కుడు గింజంత రాయి ఉంటుంది, దానిమీద ఏడాదికొక గీత పడుతుంది. రంపంతో పలచగా కోసి, నునుపుగా అరగదీసి, గాజుపలక మీద అంటించి గీతలు లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. లోతు నీళ్ళలో తిరిగే ఒక ఎర్ర చేప పదమూడేళ్ళకు మించి బతకదని మా విభాగం చాలాకాలంగా నమ్ముతోంది. మాకు ముప్ఫై నాలుగేళ్ళది దొరికింది. ఏటా ఎన్ని చేపలు పట్టనివ్వాలో ఈ లెక్కనుబట్టే నిర్ణయిస్తారు. నా పట్టా కూడా ఈ వ్యాసంతోనే వస్తుంది.

లెక్కకు ఒక పద్ధతి ఉంది. ఒకే రాయిని ఇద్దరు విడివిడిగా చదవాలి. ఒకరి అంకె ఇంకొకరు చూడకూడదు. నిరుడు నేను, మా ఆయన చెరో మూడువందల రాళ్ళు చదివి, కాగితాలు కవరులో పెట్టి అంటించి మా ప్రొఫెసరుకిచ్చాం. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పోల్చి చూసింది ఆయనొక్కరే.

ఆ గుండీ పూర్తికాకముందే వదిన లోపలికొచ్చింది. మా ఆయనకు సొంత అక్క. మా విభాగంలో అందరికీ రాళ్ళు చదవడం నేర్పింది ఆవిడే. ఆ పదమూడు అంకె కూడా ఆవిడదే. పెళ్ళిలో నాతో ఆవిడ మాట్లాడింది ఒకే ఒక్క మాట. "దారికి అడ్డంగా నిలబడకు, అందరూ నడవాలి."

"అక్కా, వ్యాసం తీసుకున్నారు!" అన్నారు మా ఆయన, సూది వేలాడుతున్న చొక్కాతోనే.

"నా పేరూ ఉందిగా, నాకూ వచ్చింది ఉత్తరం. నా పేరు తీసేయమని రాయబోతున్నాను. ఎందుకో కూడా రాస్తాను."

"ఎందుకు వదినా?" అన్నాను.

"వదిన ఇంటి దగ్గర. ఇద్దరు విడివిడిగా చదివారని రాసుకున్నారే, ఒకే దుప్పటి కప్పుకునేవాళ్ళు విడివిడి ఎలా అవుతారమ్మాయ్?"

"చదివింది నిరుడండీ. దుప్పటి వయసు పంతొమ్మిది రోజులే."

మా ఆయన నవ్వబోయి, అక్క మొహం చూసి మానుకున్నారు. ఆవిడ చంకలోంచి మా ఆయన చిత్తుపుస్తకం తీసి బల్లమీద పడేసింది. నలభై ఏడో రాయి, ఇరవై తొమ్మిది గీతలు. పక్కన పెన్సిలుతో చిన్నగా ఉంది: "ఆవిడ ముప్ఫై ఒకటి అంటుంది."

"ఈవిడ ఎంత అందో వీడికెలా తెలిసింది?" అంది వదిన.

నేను ఏ రాయికి ఎంత వేశానో మూడువందల్లో ఎక్కడ గుర్తుంటుంది? నలుగురిలో ఆయన్ని "మీరు" అనాలన్న సంగతి కూడా మరిచిపోయాను.

"చూశావా నువ్వు? నా కాగితం చూశావా?"

"లేదు! ఊహించాను. నువ్వు అంచు మీది గీతను కూడా వదలవుగా, నేర్చుకునేటప్పుడు ఎప్పుడూ నాకంటే ఒకటో రెండో ఎక్కువే అనేదానివని… అప్పట్లో నీతో మాట్లాడే ధైర్యం లేక పుస్తకంతో మాట్లాడాను."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు గాల్లో తేలిపోయేదాన్ని.

"ప్రేమలేఖ రాసుకోవడానికి ఇంకో కాగితం దొరకలేదుట్రా?" అంది వదిన. "పై అంతస్తులో బుర్రల మీద పరిశోధన చేసేవాళ్ళు ఉన్నారుగా, వెళ్ళి అడుగు. ఏం కనిపించాలని ముందే అనుకుంటామో కంటికి అదే కనిపిస్తుందని చెప్తారు."

"మరి పదమూడని ముందే అనుకున్న కంటికి ఏం కనిపిస్తుందండీ?"

నోరు జారానని వెంటనే తెలిసింది. వదిన చిత్తుపుస్తకాన్ని మళ్ళీ చంకలో పెట్టుకుంది.

"పద," అంది వదిన. "కవరు తెరిపిద్దాం."

పెద్దాయన కమలాపండు ఒలుచుకుంటున్నారు. గొడవ ఆయన గుమ్మం తొక్కిన ప్రతిసారీ ఆయనకు ఆకలేస్తుంది. వదిన చెప్పిందంతా విని, "కొత్తగా పెళ్ళయినవాళ్ళు, పోనిద్దూ" అన్నారు.

"పోనివ్వడానికి ఇది మీ తొక్క కాదు."

ఆయన చేతులు తుడుచుకుని బీరువా తాళం తీసి, నా కవరులోంచి కాగితాలు బయటికి లాగారు. నేను అందుకోబోయి రెండు కాగితాలు కింద పడేస్తే, ఆయనే అంకెల మీద వేలు పెట్టి వరసగా కిందికి దిగారు. నలభై నాలుగు, నలభై అయిదు, నలభై ఆరు.

నలభై ఏడు. ఇరవై ఏడు గీతలు. పక్కన నా చేతిరాతే: "అంచు విరిగింది. లెక్కలోకి తీసుకోలేదు."

మా ఆయన ఊహ నాలుగు గీతలు తప్పింది. నా కాగితం చూసినవాడు అలా తప్పడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"విరిగిన అంచును నేను లెక్కపెడతాననుకున్నావా? నా గురించి నీకు తెలిసింది ఇంతేనా?"

"తెలియకపోబట్టే బతికిపోయాం, అరవకు."

"ఒక్క రాయి," అంది వదిన. ఆవిడ గొంతు ఏమాత్రం మెత్తబడలేదు. "మిగతా రెండువందల తొంభై తొమ్మిది?"

"ఇక వదిలేద్దామమ్మా," అన్నారు పెద్దాయన.

"నేను వదలను."

"నేనూ వదలను," అన్నాను. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. "మీ పాత పెట్టె ఉందిగా వదినా, పదమూడు లెక్కతేల్చిన రాళ్ళు. అప్పట్లో ఇక్కడ రంపం లేదు, రాయిని కోయకుండా పైనుంచే చూసి చదివారు. ముసలి చేపకు రాయి వెడల్పు పెరగదు, మందం పెరుగుతుంది. ఆ గీతలు పైకి కనబడవు. ముప్ఫై రాళ్ళు తీసి కోద్దాం. ముగ్గురం మూడు గదుల్లో కూర్చుని చదువుదాం. పదమూడు దాటకపోతే వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని నేనే రాస్తాను."

"నీ పట్టా పోతుంది!" అన్నారు మా ఆయన.

"నువ్వు గుండీ పట్టుకో, ఊడుతోంది."

ఆ పెట్టెను వదిన ఎవరినీ ముట్టుకోనివ్వదు. దుమ్ము కూడా ఆవిడే దులుపుతుంది.

"ఆ రాళ్ళకోసం పదకొండు రోజులు పడవలో కక్కుకున్నాను," అంది. "అప్పటికి నువ్వింకా పలక మీద దిద్దుకుంటున్నావు. కోస్తే మళ్ళీ అతుక్కోవవి."

"తెలుసండీ."

"తెలియదు నీకు."

పెద్దాయన కమలాపండు తొన ఒకటి ఆవిడ వైపు జరిపారు. ఆవిడ దాన్ని చూడనుకూడా లేదు. మెడలో వేలాడుతున్న తాళాల గుత్తిలోంచి చిన్న తాళంచెవి ఒకటి విడదీసి, నాకివ్వకుండా తన గుప్పిట్లోనే పెట్టుకుంది.

"రేపు తొమ్మిదింటికి. రంపం నేనే పట్టుకుంటాను, నీ చేతులకు ఇవాళ కుదురు లేదు. వాడు కింది గదిలో, నువ్వు పై గదిలో. మధ్య గది నాది, మెట్లు నాకు కనబడుతుంటాయి. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ ఎవరితో మాట్లాడకూడదు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "తిండి డబ్బా ఒక్కటే తెచ్చుకుంటారుగా మీరిద్దరూ? రేపు రెండు తెచ్చుకోండి."