వాకిట్లో బాగానే ఉన్న బండి

మామగారి పాత బండి వాకిట్లో చక్కగా నడిచేది, కూడలిలో సిగ్నల్ పడగానే గుటుక్కుమనేది. ఆయన కార్బురేటర్ విప్పి కడిగారు, ప్లగ్ మార్చారు, రోజూ సైడ్ స్టాండ్ వేసి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూ తిప్పుతూనే ఉన్నారు. ఎవరైనా సలహా చెబితే అంతెత్తున లేచేవారు.

కోడలు దర్జీ. వరండాలో మిషను తొక్కుతూ ఆ శబ్దం వినేది. వాకిట్లో లేని జబ్బు కూడలిలో ఎందుకొస్తుందన్న ప్రశ్న ఆమె బుర్రను తొలిచేసేది.

ఆ ఉదయం ఆయన స్క్రూ తిప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. నడుస్తున్న బండి స్టాండ్ మీద ఒరిగి ఉంది, హ్యాండిల్ ఎడమకు తిరిగి ఉంది. ఆమె దాన్ని తిన్నగా తిప్పి చూసింది. ఇంజిన్ ఆగిపోయింది.

"ఏం చేశావమ్మా?" అంటూ ఆయన పరుగున వచ్చారు.

"హ్యాండిల్ తిన్నగా పెట్టానంతే మామయ్యా. ఎడమకు తిరిగితే ఈ యాక్సిలరేటర్ కేబుల్ బిగిసి, ఇంజిన్ వేగం పెరుగుతోంది. అలా పెరిగిన స్పీడునే మీరు స్క్రూతో తగ్గిస్తున్నారు, తిన్నగా పెడితే ఇక చాలక ఆగిపోతోంది. చెయ్యెత్తించి చొక్కా పొడుగు కొలిచినట్టుంది."

కొత్త కేబుల్ వేసినప్పుడు, వేలాడకుండా నీటుగా ఉండాలని ఆయనే దాన్ని ఫ్రేముకు బిగించి కట్టారు. ఇప్పుడు ఆమె దగ్గర కత్తెర అడిగి తీసుకుని ఆ కట్టు తెంచారు. బండి మళ్లీ స్టార్ట్ చేసి, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని స్క్రూ సరిచేశారు. ఆ తర్వాత హ్యాండిల్ ఎటు తిప్పినా ఇంజిన్ శబ్దం మారలేదు.

కత్తెర తిరిగిచ్చి, ఆయన రెండు చేతులూ పైకెత్తారు. ఆమె కుట్టిన చొక్కా బొడ్డు దాటి పైకి లేచింది.

"ఇదీ కాస్త వదులు చెయ్యమ్మా. చాన్నాళ్లుగా చెబుదామనుకుంటున్నా."