పది తర్వాత తొంభై

వింత ఏదైనా కంటబడితే దాని అంతు తేల్చేదాకా జెస్సీకి అన్నం సయించదు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. ఆ ఆదివారం హొసకోటెలో మేనమామ స్టాన్లీ ఇంట్లో ఆమె ముందేసుకున్న పని మాత్రం ఆఫీసుది కాదు.

గొంతు ఆపరేషన్ కాకముందు స్టాన్లీ చర్చిలో పాడిన నలభై పాటలు ఒక పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఇప్పుడాయనది బొంగురు గొంతు. ఆ డిస్కూ కొనప్రాణంతో ఉంది. పాటల్ని ఒక్కొక్కటే లాప్‌టాప్‌లోకి తెచ్చుకోవడానికి జెస్సీ కంప్యూటర్‌కి పనులు పురమాయించే చిన్న షెల్ స్క్రిప్ట్ రాసింది. తెర నిండా వరసలు పారడం ఆమెకు చిరాకు. అందుకే ఒకే వరస పెట్టింది: "మిగిలినవి" అని, పక్కన అంకె. అంకె మారినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పడుతుంది. మూడు పాటలతో పరీక్షించి, మురిసిపోయి, అసలు పని నడవనిచ్చి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

స్టాన్లీ తెర ముందు కుర్చీ వేసుకుని కళ్లార్పకుండా చూస్తున్నాడు. 12, 11, 10. ఆ తర్వాత 90.

ఆయన గబుక్కున లేచాడు. డిస్కు కేబుల్ పట్టి లాగేశాడు.

"పది ఉండె, ఉన్నట్టుండి తొంభై అయిపాయ. వచ్చిండేవి కూడా వెనక్కి పోతాండాయేమో అని పీకేస్తినమ్మా," అన్నాడు జెస్సీ పరుగెత్తుకొచ్చేసరికి.

కేబుల్ మళ్లీ పెట్టారు. డిస్కు టక్కుమని ఊరుకుంది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. దక్కినవి దక్కాయి, చివరి పాటలు పోయాయి.

ఏడవాల్సిన సమయంలో కూడా జెస్సీ బుర్ర ఊరుకోలేదు. ఉన్నవే నలభై అయితే తొంభై ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? తెరకేసి చూస్తూ కూర్చుంది. చటుక్కున తట్టింది. 10కి రెండంకెలు, 9కి ఒకటే. ఆ 9 వచ్చి 1 మీద కూర్చుంది. పక్కనున్న సున్నాను ఎవరూ చెరపలేదు. దొరికిందన్న సంతోషం ఒక్క క్షణమే. వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది.

"అది తొంభై కాదు మామయ్యా, తొమ్మిదే. పాత సున్నా అలాగే ఉండిపోయింది. తప్పు నాది. కొత్తది రాసేముందు వరసంతా క్లియర్ చెయ్యమని స్క్రిప్ట్‌లో పెట్టాలి, పెట్టలేదు."

స్టాన్లీ కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకున్నాడు.

"ఇప్పుడు పెడితే తుడుస్తాదా?"

"తుడుస్తుంది."

"అయితే పెట్టు. చూస్తా."

జెస్సీ ఆ ఒక్క మాట చేర్చి, ఉత్తుత్తి ఫైళ్లతో మెల్లగా నడిపింది. 11, 10. ఆ తర్వాత తెర మీద 9 ఒక్కటే నిలబడింది. దాని పక్కన ఏమీ లేదు.

"ఇంత కొంచెమే ఉండెనా," అన్నాడు స్టాన్లీ. "టీ తాగేంతసేపు ఊరకుండుంటే అన్నీ వచ్చేసుండు గదమ్మా."