తండ్రి పేరు అడగని మంద

సముద్రపు పాయకు అడ్డంగా కట్ట వేసింది మీరు, ఉప్పు కంపెనీవాళ్ళు. మా ఒంటె పిల్లల్ని చంపిందీ మీరే. చంపింది చాలక, మీ నివేదికలో "పశుపోషకుల అజ్ఞానం వల్ల" అని ఒక ముక్క తగిలించారు. ఆ ముక్క రాసినవాడెవడో ముందుకు రావాలి. మా బాబాయి ఇలియాస్ జత్ మందలో ఏం జరిగిందో చెబుతాను. అజ్ఞానం ఎవరిదో వాడే తేల్చాలి.

మావి ఈదే ఒంటెలు. పోటు ఎక్కగానే పాయలో దిగి, తల ఒక్కటే పైకి పెట్టి దీవికి పోతాయి. అక్కడ మడచెట్ల ఆకు మేసి, మూడో రోజు మంచినీళ్ళ కోసం ఒడ్డుకు తిరిగొస్తాయి. ఒడ్డున మా మంద, ఇంకాస్త ఎగువన ఉమర్ మంద, దీవిలో సుమార్ మంద. శీతాకాలంలో పోతు ఒంటెలకు మదమెక్కే వేళకు మందల మధ్య పోతులు చేతులు మారేవి. పోతుకు డబ్బు పుచ్చుకోం. ఇచ్చినవాడు తిరిగి అడగడు, దాని మాట మళ్ళీ ఎత్తడు కూడా. ఒక పోతు ఒక మందలో నాలుగు శీతాకాలాలే ఉండాలి. అయిదో ఏటికి దాని కూతుళ్ళే ఎదకొస్తాయి గనక దాన్ని సాగనంపాలి. చదువు లేనివాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు ఇది. మీ చదువుకున్నవాళ్ళు ఇంతకన్నా మంచిది పెట్టగలరా?

ఇంకో కట్టుబాటు ఉంది, మేం దెబ్బతిన్నది అక్కడే. కొత్త పోతు వస్తే దాని తల్లి పేరు, ఆ తల్లి తల్లి పేరు, అలా ఏడు తరాలు చెప్పించుకుంటాం. మా ఆడ ఒంటెల తల్లుల్లో ఆ పేర్లు లేకపోతే మందలోకి తోలతాం. తండ్రి పేరు అడగం. మా పిల్లలకు తండ్రి ఎప్పుడూ పాయ అవతలినుంచి వచ్చినవాడే. వాడి లెక్క మేం పెట్టుకోలేదు, పాయే పెట్టుకుంది.

ఆరేళ్ళ కింద మీ ఉప్పు కంపెనీ వచ్చి ఆ పాయను కట్టతో మూసేసింది. మా ఒంటెలు ఈదిన చోట ఇప్పుడు ఉప్పు మడులు. కట్ట మీద గేటు, గేటుకు తాళం. దీవి కళ్ళెదుటే ఉంది, సుమార్ పొయ్యి పొగ కూడా కనిపిస్తుంది. పోవడానికే దారి లేదు. మదమెక్కిన పోతును ఎక్కించుకునే పడవ ఈ తీరాన లేదు.

మా దగ్గరున్న పోతుకు నాలుగు శీతాకాలాలు నిండాయి. బాబాయి ఉమర్ దగ్గరికి పోయాడు. ఉమర్ తన పోతు భూరోను చూపించి, గుక్క తిప్పుకోకుండా ఏడుగురు తల్లుల పేర్లు చెప్పాడు. ఒక్క పేరూ మా వాటితో కలవలేదు. బాబాయి తృప్తిగా భూరోను తోలుకొచ్చాడు.

పోయిన శీతాకాలం భూరోకు తొమ్మిది పిల్లలు పుట్టాయి. నాలుగు లేచి నిలబడనేలేదు. రెండింటికి ముందుకాళ్ళు మెలికపడి ఉన్నాయి. మిగిలిన మూడూ తల్లుల వెంట కట్ట పక్కన మిగిలిన నీళ్ళలో దిగాయి. మా పిల్లలు పుట్టి నెల తిరక్కుండా ఈదుతాయి. ఇవి తల ఎత్తలేకపోయాయి. రెండు మునిగాయి, ఒకదాన్ని బాబాయి మెడ పట్టి లాక్కొచ్చాడు. మందకు పెద్దది సంజి. ఇరవై నాలుగేళ్ళది, మందలో సగం దాని కూతుళ్ళు, మనవరాళ్ళే. చచ్చిన తన పిల్ల దగ్గర మూడు రోజులు మేత ముట్టకుండా నిలబడింది.

మీరు పంపిన పశువుల డాక్టరు వచ్చి నెత్తురు తీసుకుపోయాడు. రెండు నెలలకు తిరిగొచ్చి, భూరో నెత్తురూ మా ఆడవాటి నెత్తురూ ఒకే ఇంటివని చెప్పాడు. బాబాయికి కోపం వచ్చింది.

"ఏడు తరాలు చెప్పించుకున్నాను డాక్టర్ సాబ్. నా లెక్క తప్పదు."

"తల్లుల లెక్క తప్పలేదు కాకా. దాని తండ్రి ఎవరు?"

 మర్నాడు బాబాయి నన్ను వెంటబెట్టుకుని ఉమర్ దగ్గరికి నడిచాడు. టీ తాగేదాకా ఆగి, భూరో తండ్రి ఎవడని అడిగాడు. ఉమర్ పగలబడి నవ్వాడు.

"ఇదేం ప్రశ్న ఇలియాస్ భాయ్? ఒంటెకు పెళ్ళిసంబంధం చూస్తున్నావా?"

నవ్వుతూనే వేళ్ళ మీద ఏళ్ళు లెక్కబెట్టాడు. మూడో వేలు దగ్గర నవ్వు ఆగిపోయింది.

"సుర్మో," అన్నాడు. "నువ్వు పన్నెండేళ్ళ కింద ఇచ్చిన సుర్మో."

సుర్మో సంజి కొడుకు. అంటే భూరో సంజికి మనవడు. మనవణ్ణే తెచ్చి నాయనమ్మ మీదికీ మేనత్తల మీదికీ తోలాం. పాయ తెరిచి ఉంటే భూరో మా మందలోకి వచ్చేదే కాదు, దీవినుంచి ఇంకోటి వచ్చేది. ఈ ఒడ్డున ఉన్న రెండు మందలూ ఇప్పుడు ఒకే నెత్తురు. ఇక్కడ ఎవరి పోతును ఎవరికి ఇచ్చినా అంతే.

ఈ శీతాకాలం సుమార్‌కు ఫోన్ చేశాం. అతను తన పోతు జఖ్రోను కట్ట అవతలి కొసకు తోలుకొచ్చాడు. ఇవతలి కొసన మేం. మధ్యలో కట్ట, ఇవతల గేటు. కాపలావాడు రాంధనీ పరాయి రాష్ట్రంవాడు, మంచివాడు. బాబాయిని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, రిజిస్టరు తీశాడు. ఏ జంతువు దాటినా పేరు, తండ్రి పేరు, వచ్చిన పని రాయాలట. ఇబ్బందిగా నవ్వాడు.

"తండ్రి పేరు చెప్పు కాకా. లేకపోతే పాసు పుట్టదు."

"ఆ మాట నేను రెండేళ్ళ కింద అడగాల్సింది నాయనా," అన్నాడు బాబాయి.

రాంధనీ మేనేజరుకు ఫోన్ చేశాడు. మేనేజరు పెద్దాఫీసును అడగమన్నాడు. పెద్దాఫీసువాళ్ళు మ్యాపు చూసి, అక్కడ పాయే లేదు, కాబట్టి దాటాల్సిన అవసరమూ లేదన్నారు. తాళం తీస్తే తన కూడు పోతుందని రాంధనీ తల దించుకున్నాడు. వాణ్ణి నేను తిట్టను. అవతల జఖ్రో నురగలు కక్కుతూ గురగురమంటోంది. ఇవతల మా ఆడవి చెవులు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. పొద్దు వాలేదాకా చూసి సుమార్ పోతును వెనక్కి తిప్పుకున్నాడు.

అప్పటినుంచి భూరోను కట్టేసి ఉంచాం. ఎదకొచ్చిన ఆడవి దాని చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. నిన్న బాబాయి తన చేత్తోనే తాడు విప్పాడు. నేను అడ్డం పోయాను.

"పిల్ల చచ్చినా దాని తోలు తల్లికి చూపించి పాలు చేపించుకోవచ్చు," అన్నాడు. "పిల్లే లేకపోతే దేన్ని చూపించను?"

నేను పక్కకు తప్పుకున్నాను. భూరో మూడింటితో జతకట్టింది. ఆ మూడింటికి పదమూడు నెలల తర్వాత ఏం పుడతాయో మా అందరికీ తెలుసు.

ఇంకా పదకొండు మిగిలాయి, సంజితో కలిపి. వాటిని దూరంగా కట్టి బాబాయి దగ్గర ఎనిమిది రోజులు గడువు అడుక్కున్నాను. పున్నమి ఎనిమిది రోజుల్లో ఉంది. ఆ తర్వాత పోతుల మదం దిగిపోతుంది. మీ డాక్టరు మాకు అక్కర్లేదు, నివేదిక అక్కర్లేదు, నష్టపరిహారం మీరే ఉంచుకోండి. పున్నమిలోగా గేటు తాళం తియ్యండి, జఖ్రో నడిచి వస్తుంది. ఆ వెంటనే కట్టకు గండి కొట్టి మా పాయ మాకు వదలండి.