సర్వేలో సిద్దమ్మ పేరు

బౌరంపేట్‌లోని తమ కాలనీలో నడుము నొప్పి ఎందరు పెద్దవాళ్ళకు ఉందో లెక్క తేల్చే పనిని రాజారావుగారు తనంతట తానే నెత్తిన వేసుకున్నారు. ఆదివారం జరగబోయే వైద్యశిబిరానికి అది పనికొస్తుందని సంఘం వారూ సంతోషించారు. గణాంకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి. వయసు, బరువు, కూర్చునే గంటలు, పొగతాగే అలవాటు, నిద్ర, దిగులు, ఇలా ఇంటింటా అడిగి ఒక్క గడీ ఖాళీ వదలకుండా నింపారు. నూట పన్నెండు మందిలో డెబ్బై ఒక్కరు ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు నడుము పట్టుకుని కూలబడ్డవాళ్ళే.

అంతా అయ్యాక ఆయనకొక లోటు తోచింది. రోజంతా వంగి పనిచేసేవాళ్ళు ఇందులో లేరే! తమ ఇంట్లో అంట్లు తోముతున్న సిద్దమ్మను పిలిచి అడిగారు.

"నడుము నొప్పా? మస్తుగున్నది సారూ. ఐదిండ్లల్ల వంగి వంగి కుడికాలు దాక గుంజుతది. పొద్దుగాల లేస్తె అర్ధగంటకు గాని నిలవడరాదు."

"వయసెంత?"

"మీరే జూసి ఏస్కోండ్రి."

నలభై ఆరు అని వేశారు.

ఆ సాయంత్రమే పట్టికను కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గోప్యత విషయంలో ఆయన మహా కచ్చితం. నివాసుల పేర్లు, ఇంటి నంబర్లు తీసేసి వరుస సంఖ్యలే ఉంచారు. సిద్దమ్మకు కాలనీలో ఇంటి నంబరు లేదు గనుక, డాక్టరు ఆమెను గుర్తుపట్టాలి గనుక, చివరి వరుసలో ఆమె పేరే రాశారు.

గురువారం సిద్దమ్మ తొమ్మిదింటికే వచ్చింది. రోజూ పదకొండు దాటితే గాని రాదు.

"ఇంత పెందలాడే వచ్చావేం?" అన్నది రాజారావుగారి భార్య పార్వతీదేవి.

"ఇంకేడికి వోవాలమ్మా? నాలుగిండ్లోళ్ళు వద్దన్నరు. 'నీకు నడుము ఖరాబైందట గదా, ఆరాం జెయ్యి' అన్నరు. మంచిగనే అన్నరు. సృజన మేడమైతే చాయ్ గూడ వోసింది."

రాజారావుగారు పక్క గదిలోంచి బయటికి వచ్చారు.

"తప్పు నాదే సిద్దమ్మా. అందరి పేర్లూ దాచి నీది మాత్రం వేశాను."

"ఏసిండ్రు గద, ఇగ అదే చేత్తోని బాగైందని రాయుండ్రి."

"బాగవలేదు కదమ్మా."

"గది నా నడుముకెరుక. వాళ్ళకెరుకైతె పని వాయె."

నలుగురి ఇళ్ళకూ వెళ్ళి నచ్చజెబుతానన్నారు. వంగకుండా తుడిచే పొడుగు కర్రలు కొనమంటానన్నారు. సిద్దమ్మ నవ్వింది.

"మీరు పాఠం జెప్పేటాల్లకు వాళ్ళు ఇంకొకదాన్ని వెట్టుకుంటరు. జల్దీ కొట్టుండ్రి సారూ."

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క అంకె మార్చని మనిషి ఫోను తీశారు. 'సిద్దమ్మ విషయంలో నా వల్ల పొరపాటు జరిగింది. ఆమెకు నడుము నొప్పి లేదు.' మొదటి వాక్యం నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పబోయారు, అది వినలేదు. పంపేశారు.

పావుగంటలో మూడిళ్ళ నుంచి జవాబులొచ్చాయి. 'అయితే ఇప్పుడే పంపండి, అంట్లన్నీ అలాగే ఉన్నాయి' అని సృజన రాసింది. నాలుగో ఇల్లు పలకలేదు.

"ఆదివారం డాక్టరు దగ్గరికి మాత్రం తప్పకుండా రా," అన్నారు.

"ఎట్లొస్త సారూ? నొప్పి లేదని మీరే రాసిండ్రు గద."

గోడ పట్టుకుని చెప్పులు తొడుక్కుని ఆమె మెట్లు దిగింది. పిలిస్తే ఆగేదే. ఆయన పిలవలేదు.